ఐబీఎస్‌కి ఏ డైట్, ఏ సప్లిమెంట్? ముందు ఏది, తర్వాత ఏది, డబ్బు దండగ ఏది

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే కడుపునొప్పితో పాటు మలవిసర్జన గాడి తప్పే పేగు సమస్య) అని తేలిన మనిషికి సలహాల కొదవ ఉండదు. పాలు మానెయ్యమని ఒకరు, గోధుమ ముట్టుకోవద్దని ఒకరు, పీచు దండిగా తినమని ఒకరు, ఆ పీచే కొంప ముంచుతుందని ఇంకొకరు. ఫోన్ తెరిస్తే ప్రోబయాటిక్ ప్రకటనలు సరేసరి. చిత్రమేమిటంటే వీళ్లలో చాలామంది అబద్ధం చెప్పడం లేదు. ఎవరి మందు వారికి పనిచేసే ఉంటుంది. కానీ ఐబీఎస్ అందరిలో ఒకేలా ఉండదు. మలబద్ధకం ఉన్నవారికి హాయినిచ్చిన మెగ్నీషియం మాత్ర, విరేచనాలతో సతమతమయ్యేవారిని బాత్రూమ్ దాటనివ్వదు. అందుకే "ఐబీఎస్‌కి ఏది మంచిది?" అని అడిగితే సరైన జవాబు దొరకదు. "నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపిస్తున్నది ఏది? నొప్పా, ఉబ్బరమా, విరేచనాలా, మలబద్ధకమా?" అని అడిగితే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఏదైనా మానేసే ముందు

ఐబీఎస్‌ని గుర్తించడానికి డాక్టర్లు వాడే రోమ్ 4 ప్రమాణాలు 2016లో వచ్చాయి. వాటి ప్రకారం గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి రావాలి. ఆ నొప్పి మలవిసర్జనతో ముడిపడి ఉండటం, వెళ్లే సార్లు పెరగడమో తగ్గడమో, మలం మరీ గట్టిగానో పల్చగానో మారడం - ఈ మూడింటిలో కనీసం రెండు ఉండాలి. బాధ మొదలై ఆరు నెలలైనా గడిచి ఉండాలి. నొప్పి అసలు లేకుండా ఉత్త గ్యాస్, ఉబ్బరం మాత్రమే ఉంటే ఈ లెక్కలో అది ఐబీఎస్ కాదు.

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, యాభైకి దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన బాధ, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సరో, క్రోన్స్ లాంటి పేగు వాపు జబ్బో, సీలియాకో (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) ఉన్న చరిత్ర. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా డైట్ సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పల్చటి విరేచనాలు ఎక్కువగా ఉన్నవారికి మలంలో క్యాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేస్తారు. పేగులో వాపు ఉందా లేదా అన్నది దాంతో చాలావరకు తేలుతుంది.

గోధుమ మానేద్దామనుకుంటున్నవారు ఒక పని మాత్రం ముందే చేయించుకోవాలి. అది సీలియాక్ జబ్బుకి రక్తపరీక్ష. గ్లూటెన్ రోజూ తింటున్నప్పుడే ఆ పరీక్ష నిజం చెబుతుంది. నెలల తరబడి మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు రావచ్చు. పరీక్ష కోసం మళ్లీ వారాలపాటు గోధుమ తినడమంటే, అది పడని మనిషికి నరకమే.

ఇక చేయించుకోనక్కర్లేనిది కూడా ఒకటుంది. రక్తం తీసి, వంద రకాల ఆహారాలకు ఐజీజీ యాంటీబాడీలు చూసి "ఇవి మీకు పడవు" అని పొడుగాటి జాబితా ఇచ్చే పరీక్ష. శరీరం ఆ ఆహారాన్ని చూసిందన్నదానికే ఐజీజీ గుర్తు, పడదన్నదానికి కాదు. బ్రిటిష్ గ్యాస్ట్రోఎంటరాలజీ సొసైటీ 2021 మార్గదర్శకాలు ఐబీఎస్‌లో దీన్ని వద్దన్నాయి. ఆ జాబితా పట్టుకుని సగం తిండి మానేసినవారికి మిగిలేది నీరసమే.

మీది ఏ రకమో తెలుసుకోవడానికి బ్రిస్టల్ పట్టిక చాలు. మలాన్ని ఏడు రకాలుగా విభజించిన పట్టిక ఇది. 1, 2 అంటే గోళీల్లా, గట్టి ముద్దల్లా. 6, 7 అంటే మెత్తటి తునకలు లేదా నీళ్లు. మందులేమీ వాడని రోజుల్లో పావు వంతుకు మించి 1, 2 వస్తూ 6, 7 అరుదుగా ఉంటే మలబద్ధకం రకం, అందుకు తిరగబడితే విరేచనాల రకం, రెండూ పావు వంతు దాటితే మిశ్రమ రకం. రెండు వారాలు రోజూ ఒక అంకె రాసుకోండి. పక్కనే నొప్పికి పదికి ఎంతో వేయండి, ఏం తిన్నారో ఒక ముక్క రాయండి. నిద్ర పట్టని రాత్రులు, టెన్షన్ పడ్డ రోజులు కూడా గుర్తు పెట్టండి. పాపం ఉల్లిపాయ మీద పడే నిందల్లో కొన్ని నిజానికి వాటివే.

మామూలు జాగ్రత్తలా, లో ఫాడ్‌మ్యాప్ డైటా?

డైట్‌ల విషయంలో అసలు పోటీ ఈ రెండింటి మధ్యే. మిగతావన్నీ వీటిలో ముక్కలు.

మామూలు జాగ్రత్తలంటే వినడానికి చప్పగా ఉంటాయి. వేళకు తినడం, ఒక పూట ఎగ్గొట్టి మరో పూట రెండింతలు లాగించకపోవడం, నెమ్మదిగా నమలడం, కాఫీ టీలు కలిపి రోజుకు మూడు కప్పులకు మించకపోవడం, నూనె ఓడే తిండి, మద్యం, గ్యాస్ డ్రింకులు తగ్గించడం, పళ్లు ఒక్కసారే కాకుండా ఎనభై గ్రాముల చొప్పున రోజుకు మూడు సార్లకు పరిమితం చేయడం. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2008 నుంచి చెబుతున్నవి దాదాపు ఇవే. వీటి వెనక కారణాలూ తేలికవే. కడుపులోకి తిండి పడగానే పెద్దపేగు కదలడం సహజం. ఐబీఎస్ ఉన్నవారిలో ఆ కదలిక కొంచెం ఎక్కువే తెలుస్తుంది. భోజనం ఎంత పెద్దదైతే, ఎంత కొవ్వు ఉంటే అంత గట్టిగా. కాఫీ కూడా దాన్నే తట్టి లేపుతుంది. కారం సంగతి మనిషిని బట్టి ఉంటుంది. మిరపలోని క్యాప్సైసిన్ పేగులో నొప్పిని మోసే నాడుల్ని నేరుగా కదిలిస్తుంది కాబట్టి, తిన్నాక మంటా నొప్పీ వచ్చేవారు రెండు వారాలు తగ్గించి చూసుకోవచ్చు.

లో ఫాడ్‌మ్యాప్ ఇంకో మెట్టు పైది. ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ పరిశోధకులు తయారుచేసిన పద్ధతి ఇది. చిన్నపేగు సరిగా పీల్చుకోలేక, పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టే కొన్ని చక్కెరలకు కలిపి పెట్టిన పేరు ఫాడ్‌మ్యాప్. వీటిలో ముఖ్యమైనవి ఐదు. గోధుమ, ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు. చిక్కుళ్లు, పప్పుధాన్యాల్లోని గెలాక్టో ఒలిగోశాకరైడ్లు. పాలలోని లాక్టోజ్. తేనె, మామిడి, ఆపిల్ లాంటి వాటిలో గ్లూకోజ్‌ని మించి ఉండే ఫ్రక్టోజ్. పుట్టగొడుగులు, కాలీఫ్లవర్‌లోనూ, షుగర్‌ఫ్రీ చూయింగ్ గమ్‌లోనూ ఉండే పాలియాల్స్.

ఇవి రెండు దారుల్లో ఇబ్బంది పెడతాయి. ఫ్రక్టోజ్ లాంటి చిన్న అణువులు చిన్నపేగులోకి నీళ్లను లాగుతాయి. ఫ్రక్టాన్ లాంటి పెద్దవి పెద్దపేగుకి చేరి గ్యాస్ అవుతాయి. ఎమ్మారై తీసి చూస్తే ఈ రెండూ విడివిడిగా కనిపించాయి కూడా. ఆ గ్యాస్ అందరిలోనూ పుడుతుంది. తేడా పేగు నరాల్లో ఉంది. పక్కవారికి తెలియని సాగుడు ఐబీఎస్ ఉన్నవారికి నొప్పిగా తెలుస్తుంది. కాబట్టి ఉల్లిపాయ "విషం" కాదు, "పడని పదార్థం" కూడా కాదు. మోతాదు దాటితే సాగదీసే పదార్థం, అంతే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే డైట్ మీద భయం చాలా తగ్గుతుంది.

ఫలితాల మాటకొస్తే, 2014లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో ముప్పై మంది ఐబీఎస్ రోగులకు భోజనాలు తామే వండి పంపారు. మూడు వారాలు లో ఫాడ్‌మ్యాప్, మూడు వారాలు మామూలు తిండి. లో ఫాడ్‌మ్యాప్ రోజుల్లో బాధల స్కోరు సుమారు సగమైంది. ఇది చూస్తే ఇక పోటీ ఏముంది అనిపిస్తుంది. కానీ 2015లో స్వీడన్‌లో 75 మందితో ఈ డైట్‌నీ, పైన చెప్పిన మామూలు జాగ్రత్తల్నీ నేరుగా ఢీకొట్టిస్తే ఫలితం దాదాపు సమానం. రెండు వైపులా సగం మంది చొప్పున తెరిపిన పడ్డారు. గోథెన్‌బర్గ్‌లో 294 మందితో జరిగి 2024లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, లో ఫాడ్‌మ్యాప్‌ని మామూలు జాగ్రత్తలతో కలిపి ఇస్తే నాలుగు వారాల్లో 76 శాతం మందికి చెప్పుకోదగ్గ మేలు జరిగింది. పిండి పదార్థాలు బాగా తగ్గించిన డైట్‌తో 71 శాతానికి, లక్షణాన్ని బట్టి ఇచ్చిన మందులతో 58 శాతానికి. ఒకటి మాత్రం గమనించాలి. ఏ డైట్ తీసుకుంటున్నారో తినేవారికి తెలియకుండా దాచడం కష్టం. ఐబీఎస్‌లో ఉత్తుత్తి మాత్రకే మూడో వంతు మందికి పైగా తగ్గుతుంది కాబట్టి ఈ శాతాల్లో నమ్మకం వాటా కూడా కొంత ఉంటుంది.

నా మొగ్గు ఎటంటే, ముందు నాలుగు వారాలు మామూలు జాగ్రత్తలు నిజాయితీగా పాటించాలి. "అవన్నీ నేను చేసేవే" అనే వారిలో ఎక్కువమంది మధ్యాహ్న భోజనం ఎగ్గొట్టి నాలుగు కాఫీలు తాగేవారే. అప్పటికీ తగ్గకపోతే, మరీ ముఖ్యంగా ఉబ్బరం, విరేచనాలు ముందున్నవారైతే, లో ఫాడ్‌మ్యాప్‌కి వెళ్లడం న్యాయం.

వెళ్తే ఎలా వెళ్లాలి

ఈ డైట్‌కి మూడు దశలు. రెండు నుంచి ఆరు వారాలు తగ్గించడం, తర్వాత ఒక్కొక్కటే తిరిగి తెచ్చి పరీక్షించడం, చివరికి పడినవన్నీ తింటూ పడనివాటిని మాత్రం అదుపులో పెట్టుకోవడం. మొదటి దశలో కాస్త హాయి దొరకగానే అక్కడే స్థిరపడిపోవడం ఈ డైట్‌లో అందరూ చేసే పని. చేయకూడని పని కూడా అదే. పులిసే చక్కెరలు తగ్గితే వాటి మీద బతికే బైఫిడోబ్యాక్టీరియా అనే మంచి బ్యాక్టీరియా తగ్గుతుంది. పీచు, కాల్షియం తగ్గే ప్రమాదమూ ఉంది. ఆరు వారాలు గట్టిగా పాటించినా ఏ తేడా లేకపోతే మీకిది పనిచేయనట్టే. ఇంకా గట్టిగా పాటించాలన్నది దానికి జవాబు కాదు. మానేసి అన్నీ మళ్లీ తినడం మొదలుపెట్టండి.

వంటలో అసలు సమస్య ఉల్లి, వెల్లుల్లి. ఇక్కడ రసాయనశాస్త్రం కాస్త కలిసొస్తుంది. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి, నూనెలో కరగవు. వెల్లుల్లి రెబ్బల్ని నూనెలో వేయించి, రెబ్బలు పూర్తిగా తీసేసి, ఆ నూనెతో వండితే వాసన దొరుకుతుంది, ఫ్రక్టాన్ రాదు. అదే పులుసులో వేసి తర్వాత ఏరేస్తే లాభం లేదు, అప్పటికే నీటిలోకి దిగిపోయి ఉంటుంది. ఇలా చేసిన నూనె ఏ పూటకాపూటే వాడేయాలి. వెల్లుల్లి నూనెను వంటింట్లో బయట నిల్వ ఉంచితే బొటులిజం విషం పుట్టే ప్రమాదం ఉంది. ఉల్లికాడల్లో తెల్లటి గడ్డ వద్దు, ఆకుపచ్చ భాగం పర్వాలేదు. డబ్బాలో వచ్చే శనగల్ని నీళ్లు పారబోసి బాగా కడిగితే కొంత చక్కెర ఆ నీళ్లతోనే పోతుంది. బాగా మగ్గిన అరటిపండు కంటే కాస్త గట్టిగా ఉన్నది మేలు.

షాపులో ప్యాకెట్ తిప్పి వెనక చదవడం అలవాటు చేసుకోవాలి. "పీచు ఎక్కువ" అని ముందు పెద్దక్షరాలతో ఉన్న బిస్కెట్ వెనక ఇన్యులిన్ అనో, చికోరీ వేరు అనో ఉంటుంది. అది అచ్చమైన ఫ్రక్టాన్. షుగర్‌ఫ్రీ అన్నవాటిలో పేర్లకు బదులు అంకెలు వేస్తారు. 420 సార్బిటాల్, 421 మానిటాల్, 953 ఐసోమాల్ట్, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్. ఇవన్నీ పాలియాల్సే. దగ్గు సిరప్పుల్లో కూడా సార్బిటాల్ ఉంటుంది. డైట్ అంతా సరిగ్గా పాటిస్తున్నా విరేచనాలు ఎందుకు ఆగడం లేదో తెలియనివారు ఒకసారి మందుల సీసా కూడా తిప్పి చూడాలి.

తిరిగి తెచ్చే దశలో ఒక్కో చక్కెరకు మూడు రోజులు. లాక్టోజ్ పరీక్షించాలంటే మొదటి రోజు పావు గ్లాసు పాలు, రెండో రోజు అర గ్లాసు, మూడో రోజు నిండు గ్లాసు. మిగతా తిండి అంతా లో ఫాడ్‌మ్యాపే. బాధ మొదలైతే అక్కడే ఆపి, రెండు మూడు రోజులు కుదుటపడ్డాక తర్వాతి దానికి వెళ్లాలి. ఫ్రక్టాన్లను మాత్రం గోధుమతో ఒకసారి, ఉల్లితో ఒకసారి, వెల్లుల్లితో ఒకసారి విడిగా చూడాలి. గోధుమ పడి వెల్లుల్లి పడనివారు ఉంటారు. పుట్టగొడుగులు మానిటాల్‌కి, తేనె ఫ్రక్టోజ్‌కి, చిక్కుళ్లు గెలాక్టో ఒలిగోశాకరైడ్లకి. మొత్తం రెండు నెలల పని. ఓపిక ఉండాలి. కానీ చివర్లో చేతికొచ్చే జాబితా మీ ఒంటితో మీరే తేల్చుకున్నది.

బరువు ఇప్పటికే తక్కువ ఉన్నవారు, తిండి విషయంలో భయాలో, ఈటింగ్ డిజార్డరో ఉన్నవారు, గర్భిణులు, పిల్లలు ఈ డైట్‌ని సొంతంగా చేయకూడదు. మిగతావారికి కూడా డైటీషియన్ తోడుంటే పని తేలికవుతుంది.

గ్లూటెన్ మానడం, పాలు మానడం

సీలియాక్ లేదని తేలాక కూడా గోధుమ తింటే పడటం లేదంటే, తప్పు చాలావరకు గ్లూటెన్‌ది కాదు, ఫ్రక్టాన్‌ది. నార్వేలో, తమకు గ్లూటెన్ పడదని నమ్మే 59 మందికి గ్లూటెన్, ఫ్రక్టాన్, ఏమీ లేనిది - మూడు రకాల బార్లు ఏది ఏదో చెప్పకుండా ఇచ్చారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో ఎక్కువ బాధ ఫ్రక్టాన్ బార్లతో వచ్చింది. గ్లూటెన్‌కీ, ఏమీ లేనిదానికీ తేడా లేదు. అంటే ఖరీదైన గ్లూటెన్‌ఫ్రీ బ్రెడ్ కొని, అందులో ఇన్యులిన్ కలిపి ఉన్నది చూసుకోకపోతే డబ్బూ పోతుంది, ఉబ్బరమూ మిగులుతుంది. సహజంగా పులిసిన పిండితో చేసే సార్‌డో బ్రెడ్‌లో ఫ్రక్టాన్ తక్కువ, అది పడుతుందేమో చూడవచ్చు.

పాల విషయం ఇంత చిక్కు లేదు. లాక్టోజ్ సరిగా అరగని వారిలో కూడా చాలామంది ఒక్కసారికి పన్నెండు గ్రాముల వరకు, అంటే సుమారు ఒక గ్లాసు పాలు, పెద్ద ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. గట్టి చీజ్‌లో లాక్టోజ్ దాదాపు ఉండదు, పెరుగులో పాలకంటే తక్కువ. వారం పాటు లాక్టోజ్‌ఫ్రీ పాలు వాడి తేడా ఉంటే అవే కొనసాగించండి, లేకపోతే మామూలు పాలకు వచ్చేయండి.

పీచులో ఏది?

"పీచు తినండి" అన్న మాట సగం సలహా మాత్రమే. నీటిలో కరిగి జిగురయ్యే పీచు వేరు, కరగని గోధుమ పొట్టు వేరు. నెదర్లాండ్స్‌లో 275 మందికి రోజుకు పది గ్రాముల చొప్పున ఇసబ్‌గోల్, గోధుమ పొట్టు, ఉత్తుత్తి పొడి ఇచ్చి చూశారు. 2009లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మొదటి నెలలో ఇసబ్‌గోల్‌తో 57 శాతం మందికి తెరిపి దొరికితే, ఉత్తుత్తి పొడితో 35 శాతానికి దొరికింది. గోధుమ పొట్టు తీసుకున్నవారిలో బాధ ఎక్కువై మధ్యలో మానేసినవారే ఎక్కువ. ఈ మొత్తం వ్యాసంలో ఒక్కటే ఎంచుకోమంటే నేను ఇసబ్‌గోల్ పొట్టునే ఎంచుకుంటాను. మలబద్ధకానికి మెత్తబరుస్తుంది, పల్చటి మలానికి నీటిని పట్టి కాస్త గట్టిపరుస్తుంది. నెమ్మదిగా పులుస్తుంది కాబట్టి గ్యాస్ తక్కువ.

దాన్ని వాడే తీరులోనే చాలామంది దెబ్బతింటారు. మొదటి రోజే రెండు పెద్ద చెంచాలు వేసుకుని, ఉబ్బిపోయి, "నాకు పడలేదు" అని వదిలేస్తారు. రోజుకు మూడు నాలుగు గ్రాములతో, అంటే సుమారు ఒక చెంచాతో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున పెంచాలి. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగేయాలి. ఆగితే జెల్లీలా గడ్డకడుతుంది. నీళ్లు చాలకపోతే గొంతులో అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది, మింగడంలో ఇబ్బంది ఉన్నవారు వాడకూడదు. మిగతా మందులకూ దీనికీ మధ్య రెండు గంటలు ఎడం ఉంచాలి. పూర్తి ఫలితం తెలియడానికి నాలుగు వారాలు.

ఇసబ్‌గోల్ పడనివారికి ఓట్స్, రోజుకు ఒక పెద్ద చెంచా వరకు అవిసె గింజలు ఉన్నాయి. మలబద్ధకం వారికి రోజుకు రెండు కివీ పళ్లు తినడం కూడా అధ్యయనాల్లో ఇసబ్‌గోల్‌కి దీటుగా నిలిచింది, తినడానికీ బాగుంటుంది.

సప్లిమెంట్లు

నొప్పి, మెలిపెట్టడం ముందున్నవారికి మొదట చూడాల్సింది పిప్పర్‌మెంట్ నూనె క్యాప్సూల్. అందులోని మెంథాల్ పేగు కండరంలోకి కాల్షియం వెళ్లే దారిని అడ్డుకుంటుంది, కండరం సడలుతుంది. కడుపులో కరగకుండా పేగులో కరిగే పూత ఉన్న క్యాప్సూలే కావాలి. పూత లేనిదైతే గుండెల్లో మంట, కొరికితే నోరంతా మంట. సాధారణంగా భోజనానికి అరగంట నుంచి గంట ముందు, రోజుకు మూడు సార్లు. 2020లో వచ్చిన డచ్ అధ్యయనంలో చిన్నపేగులో విడుదలయ్యే క్యాప్సూల్‌తో 47 శాతం మందికి, ఉత్తుత్తి క్యాప్సూల్‌తో 34 శాతానికి నొప్పి తగ్గింది. ఆ తేడా గణాంకాల గీత దాటలేదు, కానీ పాత అధ్యయనాలతో కలిపి చూస్తే మొగ్గు పిప్పర్‌మెంట్ వైపే ఉంది. నాలుగు వారాలు చూడండి. ఎసిడిటీ ఎక్కువ ఉన్నవారు దీని జోలికి పోకపోవడమే మంచిది.

ప్రోబయాటిక్స్ విషయంలో పెద్దవాళ్ల మధ్యే ఏకాభిప్రాయం లేదు. బ్రిటిష్ సొసైటీ కావాలంటే పన్నెండు వారాలు వాడి చూడండి, తగ్గకపోతే ఆపేయండి అంటుంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2021లో ఐబీఎస్ మొత్తం బాధలకు వీటిని వాడొద్దనే చెప్పింది. ఈ గొడవకు మూలం తేలికే. ప్రోబయాటిక్ అన్నది ఒక మందు కాదు, వందల రకాల సూక్ష్మజీవులకు ఉమ్మడి పేరు. ఒక రకంతో వచ్చిన ఫలితం ఇంకో సీసాకి వర్తించదు. సీసా మీద కోట్ల అంకె చూసి కాదు, బ్యాక్టీరియా పూర్తి పేరు, దాని రకం నంబరు రాసి ఉందా అన్నది చూసి కొనాలి. లోపల ఇన్యులిన్ కలిపి ఉందేమో కూడా చూడండి, ఉబ్బరానికి కొని ఉబ్బరం తెచ్చుకున్నట్టు అవుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు. నా వరుసలో వీటిది చివరి చోటు.

ఎంజైమ్ మాత్రల్లో రెండిటికి అర్థముంది. పాలు పడనివారికి లాక్టేజ్, పప్పులు చిక్కుళ్లు పడనివారికి ఆల్ఫా గెలాక్టోసిడేజ్. రెండూ మొదటి ముద్దతోనే వేసుకోవాలి, ఉబ్బరం వచ్చాక వేసుకుంటే ప్రయోజనం సున్నా. ఉల్లి, వెల్లుల్లి, గోధుమల్లోని ఫ్రక్టాన్‌ మీద ఇవి పనిచేయవు. పది రకాల ఎంజైములు కలిపిన మాత్ర కొనాల్సిన పని లేదు.

మెగ్నీషియం ఆక్సైడ్, సిట్రేట్ పేగులోకి నీళ్లు లాగి మలబద్ధకాన్ని వదిలిస్తాయి, నొప్పి మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్ చెప్పనిదే వాడకూడదు. సెన్నా, కలబంద లాంటివి పేగును తరిమి పనిచేస్తాయి, ఐబీఎస్‌లో మెలిపెట్టే నొప్పిని పెంచుతాయి. విటమిన్ డి తక్కువుంటే సరిచేసుకోవాల్సిందే, కానీ దానివల్ల ఐబీఎస్ తగ్గుతుందనుకోవడం అత్యాశ. యాక్టివేటెడ్ చార్‌కోల్ గ్యాస్ కంటే ముందు మీరు వేసుకునే మందుల్ని పీల్చేస్తుంది.

గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం గురించి ఒక మాట. ఏదో ఇన్ఫెక్షన్ తర్వాత విరేచనాల రకం ఐబీఎస్ మొదలై, పేగు గోడ పట్టు సడలిన 106 మందిలో సుమారు సగం మందికి రోజూ మూడు సార్లు ఐదు గ్రాముల చొప్పున ఎనిమిది వారాలు ఇస్తే, వారిలో సుమారు 80 శాతం మందికి మేలు జరిగిందని 2019లో ఒక అధ్యయనం వచ్చింది. ఉత్తుత్తి పొడితో 6 శాతానికే. వినడానికి అద్భుతం. కానీ ఐబీఎస్ అధ్యయనాల్లో ఉత్తుత్తి మందుకి 6 శాతమే రావడం చాలా అరుదు, ఆ ఒక్క అంకె చూస్తేనే ఆచితూచి నమ్మాలనిపిస్తుంది. మీ కథ సరిగ్గా అలాంటిదే అయితే డాక్టర్‌ని అడిగి చూడొచ్చు. మలబద్ధకం వారికి ఇది సంబంధం లేని వస్తువు.

మీ బాధను బట్టి

మలబద్ధకం ముందుంటే ఇసబ్‌గోల్, నీళ్లు, కివీలతో మొదలుపెట్టి, చాలకపోతే మెగ్నీషియం. లో ఫాడ్‌మ్యాప్ తొందరపడి ఎత్తుకోవద్దు, పీచు తగ్గి ఉన్న బాధ పెరగొచ్చు. విరేచనాలైతే కాఫీ, కొవ్వు, పాలియాల్స్ తగ్గించి, లాక్టోజ్ పరీక్షించి, కొంచెం ఇసబ్‌గోల్, ఆ తర్వాత లో ఫాడ్‌మ్యాప్. ఉబ్బరం ఒక్కటే ప్రాణం తీస్తుంటే ఉల్లి వెల్లుల్లి మాత్రం తీసేసి రెండు వారాలు చూడండి, కొంతమందికి పూర్తి డైట్ అవసరమే పడదు. నొప్పికి పిప్పర్‌మెంట్. మిశ్రమ రకం వారు ఇసబ్‌గోల్‌తోనే మొదలుపెట్టాలి, మిగతావి ఒక పక్కకు సాయం చేసి రెండో పక్కకు నెట్టేస్తాయి.

ఏది చేసినా ఒకసారి ఒక్కటే. ప్రోబయాటిక్, పిప్పర్‌మెంట్, గోధుమ మానడం మూడూ ఒకే సోమవారం మొదలుపెడితే, తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు, మూడూ జీవితాంతం మోయాల్సి వస్తుంది. ఐబీఎస్ దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనం కొత్త మందు కొనేది సాధారణంగా బాధ నెత్తికెక్కినప్పుడే, అంటే ఎలాగూ దిగే ముందు. అందుకే మేలు జరిగిందనిపించినా ఒకసారి రెండు వారాలు ఆపి చూడాలి. ఆపినా అలాగే హాయిగా ఉంటే దాని అవసరం లేదు.

మామూలు జాగ్రత్తలు, ఇసబ్‌గోల్, ఒక డైట్, ఒక సప్లిమెంట్ ఒకదాని తర్వాత ఒకటి సరిగ్గా చూశాక కూడా బతుకు కుదుటపడకపోతే, ఐదో డైట్ వెతకడం కంటే దారి మార్చడం మంచిది. పేగు మీద దృష్టి పెట్టి చేసే హిప్నోథెరపీ, 2016లో వచ్చిన అధ్యయనంలో లో ఫాడ్‌మ్యాప్‌కి సమానంగా పనిచేసింది, అదీ ఏ తిండీ మాన్పించకుండా. రాత్రి పూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 30 వరకు పెంచే ఎమిట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందు, 2023లో బ్రిటన్‌లో 463 మందితో జరిగిన అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర కంటే స్పష్టంగా మెరుగైంది. అది డిప్రెషన్‌కి ఇచ్చే మోతాదు కాదు, పేగుకీ మెదడుకీ మధ్య తిరిగే నొప్పి కబుర్లను తగ్గించే మోతాదు. ప్రిస్క్రిప్షన్ మీద డిప్రెషన్ మందు పేరు చూసి "నాకు మానసికం అంటున్నారు" అని చింపేసేవారు చాలామంది. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బ్రిస్టల్ అంకెల పుస్తకం వెంట తీసుకెళ్లండి. మానేసిన తిండి జాబితా కూడా చూపించి, అందులో ఏవి మళ్లీ తినడం మొదలుపెట్టవచ్చో అడగండి.